పిట్ట పేరు ఫోన్ చెబుతుందా? ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెర్లిన్ యాప్‌తో నేను నేర్చుకున్న పాఠాలు

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, ప్రాసెసర్ల గురించి రాసే నేను ఈసారి పిట్టల గురించి రాస్తున్నా. కంగారు పడకండి, ఇది కూడా యాప్ రివ్యూనే. కాకపోతే టెస్టింగ్ ఏసీ రూంలో జరగలేదు. సంక్రాంతి సెలవుల్లో ఉదయగిరి కొండ కింద, మా మేనమామ బత్తాయి తోట గట్ల మీద, ఆత్మకూరు నుంచి సోమశిల వెళ్లే దారిలో జరిగింది.

యాప్ పేరు మెర్లిన్ బర్డ్ ఐడీ. అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ తయారు చేసింది. 2014లో వచ్చింది. పూర్తిగా ఫ్రీ, యాడ్స్ లేవు. పక్షి కనిపిస్తే పేరు చెబుతుంది, ఫొటో ఇస్తే చెబుతుంది, కూత వినిపించినా చెబుతుంది. వినడానికి చాలా బాగుంది కదా? నాకూ అలాగే అనిపించింది. కానీ మూడో రోజు రాత్రి ఈ యాప్ చేతిలో పెట్టుకుని నేను ఒక పెద్ద తప్పు చేయబోయి ఆగాను. ఆ కథ కూడా చెబుతా. ముందు యాప్ ఎలా వాడాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ఊరికి బయల్దేరే ముందే చేయాల్సినవి

నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు. ఆత్మకూరు దాటాక ఎర్రనేల, ముళ్లపొదలు, దూరంగా వెలిగొండలు మొదలవుతాయి. కొండల దగ్గరికి వెళ్లేకొద్దీ సిగ్నల్ బార్లు ఒక్కొక్కటీ పడిపోతాయి. అందుకే కొన్ని పనులు ఇంట్లోనే పూర్తి చేసుకోండి.

1. ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచి మెర్లిన్ ఇన్‌స్టాల్ చేయండి.
2. సెట్టింగ్స్‌లో బర్డ్ ప్యాక్స్ ఉంటాయి. మన ప్రాంతానికి సంబంధించిన ఇండియా ప్యాక్ డౌన్‌లోడ్ చేయండి. సైజు పెద్దదే కాబట్టి వైఫై ఉన్నప్పుడు చేసుకోవడం మంచిది. ఒకసారి ప్యాక్ దిగితే ఫొటో, సౌండ్ రెండూ నెట్ లేకుండానే పనిచేస్తాయి.
3. లొకేషన్, మైక్ పర్మిషన్లు ఇవ్వండి. జీపీఎస్‌కు డేటా అక్కర్లేదు. సిగ్నల్ లేనిచోట ఏరోప్లేన్ మోడ్ పెట్టి, లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచితే బ్యాటరీ చాలా మిగులుతుంది. టవర్ కోసం ఫోన్ పదేపదే వెతకడమే అక్కడ ఎక్కువ చార్జింగ్ తినేస్తుంది.
4. పవర్ బ్యాంక్, చిన్న నోట్‌బుక్, పెన్ను. నోట్‌బుక్ ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది.

బైనాక్యులర్స్ ఉంటే ఇంకా మంచిది. కొత్తవాళ్లకు 8×42 సరిపోతుంది. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. ఫోన్ కెమెరాని బైనాక్యులర్ కంటి వైపు అద్దానికి ఆనించి ఫొటో తీయొచ్చు. చెయ్యి కదలకుండా పట్టుకోవడం కాస్త అలవాటు కావాలి. అయినా డిజిటల్ జూమ్‌తో వచ్చే పాచిపోయిన ఫొటో కంటే ఇదే చాలా నయం.

పద్ధతి 1: ఐదు ప్రశ్నలు

కెమెరా కంటే ముందు దీన్ని నేర్చుకోండి. స్టెప్ బై స్టెప్ అనే ఆప్షన్ నొక్కితే యాప్ ఐదు విషయాలు అడుగుతుంది: ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, సైజు ఎంత, ముఖ్యమైన రంగులు ఏవి, ఆ పక్షి ఏం చేస్తోంది. రంగులు మూడు దాకా ఎంచుకోవచ్చు. ఏం చేస్తోంది అన్నదానికి నేల మీద ఉందా, చెట్లలో పొదల్లో ఉందా, తీగ మీద కూర్చుందా, నీళ్లలో ఉందా, గాల్లో ఎగురుతోందా అని ఆప్షన్లు ఉంటాయి.

ఉదాహరణకు మొదటి రోజు మామ ఇంటి ముందు కరెంటు తీగ మీద నల్లటి పిట్ట, తోక చివర రెండుగా చీలి ఉంది. సైజు పిచ్చుక కంటే పెద్ద, కాకి కంటే చిన్న. రంగు నలుపు. తీగ మీద. యాప్ ఇచ్చిన లిస్టులో పైనే బ్లాక్ డ్రోంగో వచ్చింది. మనవాళ్లు దాన్ని పసులపోలిగాడు అంటారు. గేదెల వీపు మీద ఎక్కి తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. ఇంగ్లీష్ పేరు యాప్ చెప్పింది, తెలుగు పేరు మామ చెప్పాడు, ఆ పేరు ఎందుకో గంట తర్వాత గేదె మీద ఎక్కి ఆ పిట్టే చూపించింది.

ఇంకో పిట్ట మాత్రం నన్ను బాగా తికమక పెట్టింది. ఒళ్లంతా గోధుమ రంగు, తెల్ల చుక్కలు, ఎర్రటి కళ్లు. ఏదో కొత్త జాతి దొరికింది అనుకున్నా. తీరా చూస్తే ఆడ కోయిల! మనం పాటల్లో వినే నల్ల కోయిల మగది. కూ కూ అని కూసేది కూడా మగదే. చాలా జాతుల్లో ఆడ, మగ వేరుగా ఉంటాయి. అందుకే లిస్టులో మొదటి ఫొటో చూసి ఆగిపోకండి, పక్కకు స్వైప్ చేసి ఆడ పక్షి, పిల్ల పక్షి ఫొటోలు కూడా చూడండి.

ఈ ఐదు ప్రశ్నల్లో కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది సైజు దగ్గర. దూరంగా ఒంటరిగా ఉన్న పక్షి ఎంత పెద్దదో కంటికి తెలియదు. దానికి పక్కన రాయి, కంచె స్తంభం, ఇంకో తెలిసిన పిట్ట ఏదో ఒకటి ఉండాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా మూడో రోజు కథ అంతా ఇక్కడే ఉంది.

పద్ధతి 2: సౌండ్ ఐడీ

టెక్ లవర్స్‌కు బాగా నచ్చేది ఇదే. రికార్డ్ బటన్ నొక్కగానే స్క్రీన్ మీద కూతలు గీతలుగా కదులుతూ కనిపిస్తాయి. దాన్ని స్పెక్ట్రోగ్రామ్ అంటారు. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ, ముదురుగా ఉన్నచోట శబ్దం గట్టిగా ఉన్నట్టు. అంటే యాప్ శబ్దాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మను గుర్తుపడుతోంది. మనుషులు ముందుగా పేర్లు రాసిపెట్టిన వేల రికార్డింగులతో ఆ మోడల్‌ను ట్రైన్ చేశారు. ఫోన్ గ్యాలరీలో మొహాలు గుర్తుపట్టే టెక్నాలజీకి ఇది దగ్గరి చుట్టం. 2021లో ముందు అమెరికా, కెనడా పక్షులతో మొదలై తర్వాత మిగతా దేశాలకు వచ్చింది. మన దేశంలో చాలా జాతులకు పనిచేస్తుంది, అన్నింటికీ కాదు.

రెండో రోజు తెల్లవారుజామున ఉదయగిరి దుర్గం మెట్ల దారి మొదట్లో కూర్చుని ఆన్ చేశా. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. ఇప్పుడు పొద్దున్నే ఆ కొండ పిట్టలదే. పది నిమిషాల్లో లిస్టులో తొమ్మిది పేర్లు వచ్చాయి. కౌజు పిట్ట పొలం వైపు నుంచి గొంతు చించుకుంటోంది. నల్లంచి, గోరింకలు, రామచిలుకలు, గువ్వలు అన్నీ స్క్రీన్ మీద వెలుగుతున్నాయి. అందులో వైట్ బ్రౌడ్ బుల్‌బుల్ అనే పేరు పదేపదే వెలిగింది. పికిలిపిట్టల్లో ఇదొక రకం. కనిపించదు, వినిపిస్తుంది. పొదలోపల నుంచి నీళ్లు బుడబుడమన్నట్టు అరుస్తుంది. పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఒక్కసారి బయటికొచ్చి తెల్లటి కనుబొమ్మ చూపించి లోపలికి పోయింది. ఆ ఒక్క సెకను నాకు తొమ్మిది పేర్ల కంటే ఎక్కువ అనిపించింది.

సౌండ్ ఐడీ బాగా పనిచేయాలంటే:

- గాలికి వీపు పెట్టి నిలబడండి. మైక్ రంధ్రం వేలుకిందో, కవర్ కిందో పడకుండా చూసుకోండి.
- మోటార్ షెడ్డు, రోడ్డు, గుడి మైకు దగ్గర రికార్డ్ చేయకండి.
- మాట్లాడకండి. ఫ్రెండ్స్‌తో వెళితే ఇదే కష్టం.
- రికార్డింగ్ సేవ్ చేసుకోండి. ఇంటికొచ్చాక పేరు మీద నొక్కితే ఆ కూత ఎక్కడ వినిపించిందో అక్కడికే వెళుతుంది. యాప్‌లో ఉన్న అసలు కూతతో పోల్చి చూడొచ్చు.

జాగ్రత్త పడాల్సిన విషయం కూడా ఒకటుంది. ఇందాక చెప్పిన పసులపోలిగాడు పెద్ద మిమిక్రీ ఆర్టిస్ట్. డేగ గొంతు అనుకరించి గోరింకల్ని బెదరగొట్టి వాటి తిండి లాక్కుంటుంది. గోరింకలే మోసపోతుంటే యాప్ మోసపోవడంలో వింత లేదు. అందుకే స్క్రీన్ మీద డేగ పేరు కనిపించగానే రాసేసుకోకండి, తల ఎత్తి చూడండి.

ఉదయగిరి లాంటి రాతి కొండల దగ్గర ఇది మరీ ముఖ్యం. పసుపు గొంతు పికిలి, అంటే ఎల్లో త్రోటెడ్ బుల్‌బుల్, దక్షిణ భారతదేశంలో రాళ్లు, పొదలు ఉన్న కొండల మీద మాత్రమే బతికే అరుదైన పక్షి. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాని తల, గొంతు పసుపు. వైట్ బ్రౌడ్‌కు కంటి పైన తెల్ల గీత ఉంటుంది. ఫోన్‌లో మొదటిది వెలిగితే గొంతు రంగు కళ్లతో చూసేదాకా లెక్కలో వేయకండి.

పద్ధతి 3: ఫొటో ఐడీ

ఫొటో తీశాక పక్షి బాక్స్‌లో నిండుగా వచ్చేలా జూమ్ చేయమంటుంది. తర్వాత ఎక్కడ, ఎప్పుడు తీశావో అడుగుతుంది. ఈ రెండూ సరిగ్గా ఇవ్వండి. నెల్లూరు ఇంట్లో కూర్చుని ఉదయగిరి ఫొటో అప్‌లోడ్ చేస్తూ లొకేషన్ మార్చడం మర్చిపోతే లిస్టే మారిపోవచ్చు.

మూడు టిప్స్ చాలు. ఒకటి, సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. ఎదురుగా ఉంటే ప్రతి పక్షీ నల్లగానే పడుతుంది. రెండు, ఒక్క ఫొటోతో ఆగకుండా బర్స్ట్ మోడ్‌లో తీయండి. పక్కనుంచి, ముందునుంచి, ఎగురుతున్నప్పుడు కూడా ఉంటే మంచిది. మూడు, ఏఐ ఎన్‌హాన్స్, బ్యూటీ లాంటివన్నీ ఆఫ్ చేయండి. కొన్ని ఫోన్లు జూమ్ చేసినప్పుడు లేని ఈకల్ని కూడా గీసేస్తాయి. చూడ్డానికి షార్ప్‌గా ఉంటుంది గానీ గుర్తుపట్టడానికి అది అబద్ధపు సాక్ష్యం.

సోమశిల దగ్గర ఫొటో ఐడీ చాలా హాయిగా పనిచేసింది. పెన్నా మీద కట్టిన ఆ రిజర్వాయర్ సామర్థ్యం 78 టీఎంసీలు. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కదలకుండా కూర్చుంటాయి, కొంగలు నిలబడి పోజులిస్తాయి. నీటి పక్షులు పెద్దవి, బయటే ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చెరువు గట్టును మించిన క్లాస్‌రూం లేదు. అదే ధైర్యంతో నేను రాత్రిపూట పొలంలోకి వెళ్లాను.

మూడో రోజు రాత్రి ఏం జరిగిందంటే

రాత్రి ఎనిమిదిన్నరకి మోటార్ ఆపడానికి మామతో కలిసి తోటకి వెళ్లా. తోట అంచు దాటితే రాళ్లు, పొదలు. టార్చి తిప్పుతుంటే రెండు కళ్లు మెరిశాయి. గోధుమ రంగు పక్షి, పొడవాటి కాళ్లు. నాలుగడుగులు పరిగెత్తి ఠక్కున ఆగింది. మళ్లీ పరిగెత్తింది. వణికే చేత్తో ఆరు ఫొటోలు తీశా. ఐదు మసక, ఒకటి కొంచెం నయం.

నా గుండె ఎందుకు కొట్టుకుందో చెప్పాలంటే కలివి కోడి గురించి చెప్పాలి.

కలివి కోడి, ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి మనవాళ్లు పెట్టిన పేరు. 1848లో సైన్స్‌కు పరిచయమైంది. థామస్ జెర్డన్ పేరు మీద ఆ ఇంగ్లీష్ పేరు వచ్చింది. ఈయన ఒకప్పుడు మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన డాక్టర్. 1862 నుంచి తెచ్చిన తన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ పుస్తకాల్లో పక్షుల తెలుగు పేర్లు కూడా రాశాడు. 1900 తర్వాత కలివి కోడి ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, దాన్ని రాత్రిపూట పట్టుకుని చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. పుస్తకాల్లో లేనట్టే లెక్క అయిన పక్షి ఊరివాళ్లకు తెలుసు! తర్వాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ పక్షి ఉండే చోటు కోసం తెలుగు గంగ కాలువ దారి కూడా మార్చారు. ఇప్పటికీ అది ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల్లో ఒకటి.

సిద్ధవటం మీదుగా వచ్చిన పెన్నా కొండల మధ్యనుంచి సోమశిల దగ్గర మన వైపు బయటపడుతుంది. అంటే కలివి కోడి ఉన్న చోటు మనకు కొండల అవతలే. అలాంటి పొదలే మామ తోట పక్కనా ఉన్నాయి. అదే నెల, అదే రాత్రి వేళ, అదే టార్చి. ఇక ఆగుతానా?

మసక ఫొటో యాప్‌లో పెట్టా. మొదటి పేరు ఇండియన్ థిక్‌నీ అని వచ్చింది. నాకు నచ్చలేదు. ఫొటో బాగాలేదు కాబట్టి తప్పు చెప్పి ఉంటుందిలే అనుకున్నా. ఐదు ప్రశ్నల దారిలో వెళ్లా. సైజు దగ్గర చిన్నది నొక్కా. అప్పటికీ నాక్కావాల్సిన పేరు రాలేదు. చివరికి మొత్తం జాతుల లిస్టులో నేనే సెర్చ్ చేసి కలివి కోడి బొమ్మ తెరిచా. ఛాతీ మీద రెండు పట్టీలు. నా ఫొటోలో కూడా ఛాతీ మీద ఏవో గీతలు! ఇంకేముంది, ఈబర్డ్ యాప్ తెరిచి చెక్‌లిస్ట్ మొదలుపెట్టా. వాట్సాప్ స్టేటస్‌కి క్యాప్షన్ కూడా రెడీ, లొకేషన్‌తో సహా.

"ఏందిరా అట్టా గస పోస్తన్నావు?" అన్నాడు మామ.

"మామా, ఇది కలివి కోడేమో! ప్రపంచంలోనే..."

ఫోన్‌లో బొమ్మ చూశాడు. "ఇదా? ఇది నాకు తెలీదబ్బాయ్. మన గట్టు మీద పిట్ట మాత్రం నీకంటే ముందు నుంచీ ఈడే ఉండాది. రాత్రుళ్లు కూస్తా ఉంటది. పొద్దున్నే మేకల తాతని అడుగు, యాడ పడుకుంటదో చూపిస్తాడు. పొద్దు పోయింది, పద."

సబ్మిట్ నొక్కకుండా ఫోన్ జేబులో పెట్టుకున్నా. నిజం చెప్పాలంటే మామ మీద కోపం వచ్చింది.

తెల్లారాక మేకలు కాసే తాత నన్ను తోట అవతలికి తీసుకెళ్లాడు. "కూకో అబ్బయా, కదలమాక" అన్నాడు. ముళ్లచెట్టు నీడలో మట్టి రంగులో కలిసిపోయి రెండు పక్షులు. పెద్ద పసుపు కళ్లు, ఒళ్లంతా నిలువు చారలు, మోకాళ్లలా కనిపించే లావు కీళ్లు. థిక్‌నీ అనే పేరు ఆ కీళ్లను చూసే పెట్టారు, అవి నిజానికి మోకాళ్లు కాదు, చీలమండలు. అప్పుడే ఒక కౌజు పిట్ట వాటి పక్కనుంచి నడిచి వెళ్లింది. ఈ పక్షులు దానికంటే బాగా పెద్దవి, దాదాపు నాటుకోడి పెట్టంత. కలివి కోడి పొడవు సుమారు 27 సెంటీమీటర్లు, కౌజు కంటే కూడా కాస్త చిన్నది. థిక్‌నీ 40 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కలివి కోడికి ఛాతీకి అడ్డంగా రెండు స్పష్టమైన పట్టీలు, గొంతు దగ్గర నారింజ రంగు మచ్చ. ఇక్కడ ఉన్నవి నిలువు చారలు. పట్టీలు నా ఊహ.

యాప్ మొదటిసారే సరిగ్గా చెప్పింది. వినంది నేనే.

సబ్మిట్ నొక్కి ఉంటే?

చెక్‌లిస్ట్ వరకు పెద్ద నష్టం ఉండేది కాదేమో. ఈబర్డ్‌లో అసాధారణమైన రికార్డు వస్తే సిస్టమ్ దాన్ని పక్కన పెడుతుంది, వాలంటీర్ రివ్యూయర్లు ఆధారాలు అడుగుతారు. కొన్ని సున్నితమైన జాతుల లొకేషన్‌ను అందరికీ కనిపించకుండా దాస్తుంది కూడా. కానీ నా వాట్సాప్ స్టేటస్‌కి రివ్యూయర్ లేడు. అది చూసి నలుగురు టార్చిలు, స్పీకర్లు పట్టుకుని ఆ పొదల్లోకి దిగితే? నేల మీదే గుడ్లు పెట్టే పక్షులు అవి. ఆ గుడ్లు రాళ్లలాగే ఉంటాయి, కాలికింద పడినా తెలియదు. నిజంగా కలివి కోడే అయ్యుంటే నష్టం ఇంకా పెద్దది. దాన్ని లోకానికి చాటడం అనుకుని నేను చేసేది దాని చోటును వేటగాళ్లకు పిన్ చేసి ఇవ్వడమే.

యాప్ ఎక్కడ ఆగిపోతుంది

ఐదు ప్రశ్నల తర్వాత వచ్చే లిస్ట్ ఆకాశం నుంచి ఊడిపడదు. ఆ ప్రాంతంలో ఆ నెలలో జనం ఈబర్డ్‌లో పెట్టిన రికార్డులను బట్టి ఏది కనిపించే అవకాశం ఎక్కువో లెక్క వేస్తుంది. ఈబర్డ్ మ్యాప్ తెరిచి చూశాను. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన పులికాట్, నేలపట్టు వైపు రికార్డులు దట్టంగా ఉన్నాయి. ఫ్లెమింగోలు, గూడబాతుల కోసం జనం అక్కడికే వెళతారు. ఇటు ఉదయగిరి వైపు పలచన.

దీని అర్థం ఇక్కడ పక్షులు లేవని కాదు, రాసినవాళ్లు లేరని. కాబట్టి మన వైపు యాప్ లిస్ట్‌ను రెండు విధాలుగా అనుమానించాలి. లిస్ట్‌లో ఉంది కాబట్టి అదే అనుకోకూడదు, లేదు కాబట్టి కాదు అనీ అనుకోకూడదు. రెండింటికీ మందు ఒకటే: బాగా చూడటం, చూసింది చూసినట్టు రాయడం. నేను పెట్టే ఒక తప్పు రికార్డు రేపు ఇంకో కుర్రాడి ఫోన్‌లో తప్పు లిస్ట్ అవుతుంది. మంచి రికార్డు అయినా అంతే, రేపటి యాప్‌కి మనమే టీచర్లం.

పేరు ఖాయం చేసే ముందు నా చెక్‌లిస్ట్

ఆ రోజు నుంచి ఏ పక్షికైనా ఇవే అడుగుతున్నా:

1. ఫోన్ తీయకముందు ఒక నిమిషం చూశానా? సైజు, ముక్కు ఆకారం, కాళ్లు, తోక, నడక, ఇవి నోట్‌బుక్‌లో రాశానా? యాప్ పేరు చూశాక రాస్తే కళ్లు ఆ పేరుకు తగ్గట్టే చూస్తాయి.
2. సైజు పోల్చడానికి పక్కన ఏముంది?
3. కనీసం రెండు దారుల్లో ఒకే పేరు వచ్చిందా? సౌండ్, ఫొటో, ఐదు ప్రశ్నలు, వీటిలో ఏవైనా రెండు.
4. ఇదే పోలికతో ఉండే మామూలు పక్షి ఏది? అది కాదని ఎలా చెప్పగలను?
5. ఊళ్లో ఎవరినైనా అడిగానా? తెలుగు పేరు, ఎప్పుడు కనిపిస్తుంది, ఎక్కడ పడుకుంటుంది?
6. నాకు ఈ పేరు కావాలని ఉందా? ఉంటే ఇంకోసారి చూడాలి.

డౌట్ తీరకపోతే పేరు పెట్టకుండా వదిలేయండి. ఈబర్డ్‌లో "ఏదో పికిలి" అని జాతి దాకా వెళ్లకుండా రాసే వీలుంది. అది ఓటమి కాదు.

ఈబర్డ్‌లో లిస్ట్ పెట్టేటప్పుడు అరుదైనవి మాత్రమే కాకుండా గుర్తుపట్టిన అన్నింటినీ, కాకులతో సహా, లెక్కతో రాయండి. ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు అనేవి యాప్ ట్రాక్ చేస్తుంది. దాన్నే కంప్లీట్ చెక్‌లిస్ట్ అంటారు. సైంటిస్టులకు ఎక్కువ పనికొచ్చేది అదే. సౌండ్ ఐడీలో వెలిగింది కదా అని వినకుండా, చూడకుండా ఏ పేరూ ఎక్కించకండి.

కొన్ని రూల్స్, రాజీ లేదు

- యాప్‌లో ఉన్న కూతను స్పీకర్‌లో ప్లే చేసి పక్షిని పిలవకండి. తన చోటులోకి ఇంకో పక్షి వచ్చిందనుకుని అది తిండి, గూడు వదిలి పోట్లాటకు వస్తుంది. ఇయర్‌ఫోన్స్‌లో వినండి.
- గూళ్ల ఫొటోలు, లొకేషన్ షేర్ చేయకండి.
- రాత్రిపూట టార్చి పట్టుకుని పక్షుల వెంట పడకండి. నేను చేశా, తప్పే.
- వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఉంది. అడవి పక్షుల్ని పట్టడం, చంపడం నేరం. వెలిగొండల్లో పెనుసిల నరసింహ అభయారణ్యం లాంటి చోట్లకు అటవీ శాఖ అనుమతితోనే వెళ్లండి.
- పొలం ఎవరిదో వాళ్లని అడిగి అడుగుపెట్టండి. అడిగితే కాదనరు, పైగా మజ్జిగ ఇస్తారు.

ఫైనల్ వెర్డిక్ట్

నచ్చినవి: ఫ్రీ, యాడ్స్ లేవు, నెట్ లేకున్నా పనిచేస్తుంది. స్పెక్ట్రోగ్రామ్ చూస్తూ చూస్తూ మన చెవి కూడా పదునెక్కుతుంది. నాలుగో రోజుకి కౌజు, తీతువు, నల్లంచి కూతలు నేను ఫోన్ చూడకుండా చెప్పగలిగా.

ఇబ్బందులు: ప్యాక్ సైజు ఎక్కువ, స్టోరేజ్ తక్కువ ఉన్న ఫోన్లలో కష్టం. మన పక్షుల్లో కొన్నింటికి సౌండ్ ఐడీ ఇంకా లేదు. రికార్డులు పలచగా ఉన్న ప్రాంతాల్లో లిస్ట్‌ను గుడ్డిగా నమ్మలేం.

నా మాట: తప్పకుండా ఇన్‌స్టాల్ చేయండి. కానీ మెర్లిన్‌ను జవాబుల పుస్తకంలా కాకుండా, మంచి అంచనా వేసే ఫ్రెండ్‌లా వాడండి. అతను చెప్పింది విని, మీ కళ్లతో చూసి, ఊరి మనుషుల్ని అడిగి అప్పుడు పేరు రాయండి.

ఆ వెకేషన్‌లో నేను పెట్టిన చివరి చెక్‌లిస్ట్‌లో 31 జాతులు ఉన్నాయి. అందులో ఒక లైన్: ఇండియన్ థిక్‌నీ, 2. కామెంట్‌లో ఇలా రాశా: "పగలు ముళ్లచెట్టు నీడలో కూర్చున్నాయి. చూపించింది మేకలు కాసే తాత." ఈసారి సబ్మిట్ నొక్కడానికి ఒక్క సెకను కూడా ఆలోచించలేదు.

మీ ఊరి చెరువు గట్టు మీద రేపు పొద్దున ఆరింటికి పదిహేను నిమిషాలు కూర్చుని చూడండి. ఎన్ని పేర్లు వస్తాయో లెక్కపెట్టండి. అందులో ఎన్నింటిని కళ్లతో చూశారో కూడా లెక్కపెట్టండి. ఆ రెండు నంబర్ల మధ్య తేడా ఎంత తగ్గితే మీరు అంత నేర్చుకున్నట్టు.